బ్యాంక్రప్ట్సీ వేసేటప్పుడు ఇంటి ఖర్చు ఎంత చూపించాలి, ఎలా చూపించాలి

అమెరికాలో బ్యాంక్రప్ట్సీ ఫైల్ చేయబోతున్న మనవాళ్ళు నన్ను మొదట అడిగేది అప్పుల గురించి కాదు, ఇంటి గురించి. ఇంత రెంటు కడుతున్నామంటే కోర్టు ఒప్పుకుంటుందా, చిన్న ఇంటికి మారిపొమ్మంటారా అని. మన ఊళ్ళల్లో ఐపీ పెట్టాడంటే ఆ మనిషి పరువు పోయినట్టే లెక్క కదా, ఆ భయాన్ని ఇక్కడిదాకా మోసుకొచ్చాం, అందుకే ఫారాలు నింపేటప్పుడు ఇంటి ఖర్చు ఎంత తగ్గించి రాస్తే అంత నిజాయితీపరుల్లా కనిపిస్తామని చాలామంది అనుకుంటారు. దయచేసి అలా చేయకండి. చాప్టర్ 13 (కోర్టు ఒప్పుకున్న ప్లాన్ ప్రకారం నెలనెలా వాయిదాలు కట్టే రకం) పూర్తిచేసి బయటపడ్డవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, తగ్గించి రాసిన అంకెతో మూడేళ్ళో ఐదేళ్ళో బతకాల్సింది మనమే.

ముందు మీరు ఏ దారిలో ఉన్నారో చూసుకోండి. ఫైల్ చేసే నెలకి ముందు ఆరు పూర్తి నెలల ఆదాయం సగటు తీసి, 12తో గుణించి, మీ రాష్ట్రంలో మీ అంత కుటుంబానికి ఉన్న మీడియన్ (మధ్యస్థ) ఆదాయంతో పోల్చాలి. మీది తక్కువైతే పట్టికల గొడవ పెద్దగా ఉండదు, షెడ్యూల్ జె అనే ఫారంలో మీ అసలు ఖర్చులు రాస్తారు, అవి సబబుగా ఉన్నాయా లేదా అని ట్రస్టీ (మీ కేసుని పర్యవేక్షించే మనిషి) చూస్తారు. ఎక్కువైతే 2005 చట్టంతో వచ్చిన మీన్స్ టెస్ట్ (ఆదాయంలోంచి ఖర్చులు తీసేసి, అప్పులు కట్టే స్తోమత ఉందో లేదో తేల్చే లెక్క) పూర్తిగా చేయాలి, చాప్టర్ 7కి (వాయిదాల ప్లాన్ లేకుండా అప్పులు కొట్టేయించుకునే రకం) 122ఏ-2 ఫారం, చాప్టర్ 13కి 122సీ-2. షెడ్యూల్ జె అప్పుడు కూడా నింపాల్సిందే.

మీన్స్ టెస్ట్‌లో ఇంటి ఖర్చుకి ఐఆర్ఎస్ (పన్నుల శాఖ) లోకల్ స్టాండర్డ్స్ అనే పట్టిక వాడతారు. ఇది రాష్ట్రం మొత్తానికి ఒకటే అంకె కాదు, కౌంటీని బట్టి, ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారుతుంది. న్యాయశాఖలోని యూఎస్ ట్రస్టీ ప్రోగ్రామ్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి మీరు ఫైల్ చేసే తేదీకి అమల్లో ఉన్నదే తీసుకోవాలి. అందులో రెండు భాగాలు: రెంటు లేదా మార్ట్‌గేజ్ ఒకటి, ఇన్సూరెన్సు, కరెంటు, నీళ్ళు, మెయింటెనెన్స్ లాంటి ఇల్లు నడిపే ఖర్చులు ఇంకొకటి. మామూలు ఫోను, ఇంటర్నెట్ కూడా ఈ రెండో భాగంలోనే కలిసిపోయి ఉంటాయి, వాటిని విడిగా మళ్ళీ రాస్తే రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది.

రెంటు కట్టేవాళ్ళకీ లోన్ కట్టేవాళ్ళకీ లెక్క ఒకేలా ఉండదు. మాటవరసకి మీ కౌంటీలో రెంటు భాగం నెలకి 2,000 డాలర్లు అనుకుందాం. మీరు 2,400 రెంటు కడుతున్నా మీన్స్ టెస్ట్‌లో 2,000 మాత్రమే తీసేస్తారు. అదే 2,900 మార్ట్‌గేజ్ కడుతుంటే, 2,000లోంచి అది తీసేస్తే ఏమీ మిగలదు కాబట్టి పట్టిక గడిలో సున్నా వస్తుంది, కానీ తర్వాత వచ్చే తాకట్టు అప్పుల భాగంలో 2,900 మొత్తం తీసేసుకోవచ్చు. రాబోయే 60 నెలల్లో ఒప్పందం ప్రకారం కట్టాల్సినదంతా కూడి 60తో భాగిస్తే వచ్చే అంకె అది. పాత వాయిదాలు బాకీ ఉంటే, ఇల్లు నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన ఆ బాకీని కూడా 60తో భాగించి పక్క గడిలో రాయొచ్చు. అద్దెకుండేవాళ్ళకి ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ ఫారం ఉన్నది అలాగే.

మరి రెంటే కట్టనివాళ్ళ సంగతి? అన్నయ్య ఇంట్లో ఊరికే ఉంటూ పట్టికలో ఉంది కదా అని పూర్తి అంకె రాసేయకండి. కారు లోన్ లేనివాళ్ళు కారు వాయిదా కింద పట్టికలో ఉన్న మొత్తాన్ని తీసేసుకోకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే వాదన ఇంటికీ తెస్తారు. మీరు అన్నయ్యకి నెలకి ఎంతో కొంత ఇస్తుంటే దాన్ని కాగితం మీద పెట్టుకోండి, నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా పంపండి. రూమ్మేట్లు ఉంటే మీ వాటా ఎంతో అదే రాయాలి, లేదంటే మొత్తం రెంటు రాసి వాళ్ళిచ్చేది ఆదాయంలో చూపించాలి. రెండింటిలో ఏదైనా పర్లేదు, దాచడం మాత్రం కుదరదు.

ఇంకో మాట. పట్టికలో పాసైపోయాం కదా అని పెద్ద ఇల్లు నిలిచిపోతుందనుకోకండి. చాప్టర్ 7లో మీన్స్ టెస్ట్ దాటినా, మొత్తం పరిస్థితి చూసి ఇది దుర్వినియోగమని అభ్యంతరం పెట్టే అధికారం యూఎస్ ట్రస్టీకి (న్యాయశాఖ అధికారి, మీ కేసు ట్రస్టీ వేరు) ఉంది. ఇద్దరు మనుషులు ఐదు బెడ్‌రూముల ఇంటికి వాయిదాలు కడుతూ క్రెడిట్ కార్డు వాళ్ళకి ఏమీ ఇవ్వలేమంటే ఎవరైనా అడుగుతారు. అలాగని మీ ఖర్చు ఎక్కువగా ఉండటానికి నిజమైన కారణం ఉంటే నోరు మూసుకోవద్దు. పిల్లవాడికి ప్రత్యేక స్కూలు ఆ ఏరియాలోనే ఉందా, ఇంట్లో చక్రాల కుర్చీ తిరిగేంత చోటు కావాలా, లీజు మధ్యలో వదిలేస్తే పెనాల్టీ కట్టాలా? ఇవన్నీ రాసి, రుజువులు జతచేయండి. హీటింగ్, కరెంటు బిల్లులు పట్టికలో అంకె కన్నా ఎక్కువొస్తుంటే ఆ ఎక్కువ మొత్తానికి ఫారంలో వేరే గడి ఉంది, బిల్లులు చూపించి అవసరమేనని ఒప్పించాలి.

ఇక షెడ్యూల్ జె. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. నాలుగో లైనులో రెంటు లేదా మార్ట్‌గేజ్, దాని కింద ప్రాపర్టీ టాక్స్, ఇన్సూరెన్సు, రిపేర్లు, హెచ్‌ఓఏ (కాలనీ అసోసియేషన్ చందా), ఆరో లైనులో కరెంటు, గ్యాసు, నీళ్ళు, చెత్త, ఫోను, ఇంటర్నెట్. టాక్సూ ఇన్సూరెన్సూ మార్ట్‌గేజ్‌తో పాటే ఎస్క్రోలో (లోన్ వాళ్ళే మన దగ్గర వసూలు చేసి కట్టే పద్ధతి) పోతుంటే మళ్ళీ రాయొద్దు. విడిగా కడుతుంటే ఏడాది మొత్తాన్ని 12తో భాగించి రాయండి. కరెంటు, గ్యాసు బిల్లులు పోయిన నెలవి చూసి రాయకండి, పన్నెండు నెలలవీ కూడి సగటు తీయండి, వసంతకాలంలో ఫైల్ చేస్తూ ఆ నెల బిల్లే రాసినవాళ్ళు చలికాలం వచ్చేసరికి చేతులెత్తేస్తారు.

రిపేర్ల గడిలో నేను మొదట సున్నా రాశాను. ఇల్లు బాగానే ఉంది కదా, అనవసరంగా ఎందుకు అడగడం అనుకున్నాను. రెండో చలికాలంలో ఫర్నేస్ పోయింది. పిల్లలున్న ఇల్లు, బాగుచేయించక తప్పదు, ఆ నెల ప్లాన్ పేమెంటు కట్టలేకపోయాను, ఆ తర్వాతి నెలా లేటే. లాయర్ ద్వారా ప్లాన్ మార్చమని అడిగితే కోర్టు ఒప్పుకుంది కానీ, ఆ రెండు నెలలూ కేసు కొట్టేస్తారేమో అన్న టెన్షన్‌తో నిద్రపట్టలేదు. మొదటే నెలకి కొంత రాసి ఉంటే ఎవరూ కాదనేవారు కారు. ఏడాదిలోపు ఖర్చు పెరుగుతుందో తగ్గుతుందో చెప్పమని ఆ ఫారం చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది, లీజు రెన్యువల్‌లో రెంటు పెరగబోతుంటే అక్కడ రాయండి, ఖాళీగా వదిలేయకండి.

కాగితాలు ముందే సర్దిపెట్టుకోండి. లీజు, రెంటు కట్టినట్టు చూపించే ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, మార్ట్‌గేజ్ స్టేట్‌మెంట్, టాక్స్ బిల్లు, ఇన్సూరెన్సు, ఏడాది కరెంటు బిల్లులు. నగదుగా రెంటు కట్టే అలవాటుంటే ఈ నెల నుంచే మానేయండి. ఓనర్ దగ్గరున్న సెక్యూరిటీ డిపాజిట్ కూడా మీ ఆస్తే, షెడ్యూల్ ఏ/బీలో (ఆస్తుల ఫారం) చూపించాలి. లీజు షెడ్యూల్ జీలోకి (లీజులు, ఒప్పందాల ఫారం) వెళ్తుంది.

చవక ఇంటికి మారాలనుకుంటే వీలైతే ఫైల్ చేయకముందే మారండి, ఎందుకంటే క్రెడిట్ రిపోర్టులో బ్యాంక్రప్ట్సీ కనపడ్డాక కొత్త ఓనర్లు వెనకాడతారు. రెంటు బాకీ ఉన్నవాళ్ళు మాత్రం ఆలస్యం చేయకండి. ఫైల్ చేయగానే వసూళ్ళు ఆగిపోతాయి నిజమే, కానీ అప్పటికే ఓనర్ కోర్టులో ఖాళీ చేయించే తీర్పు తెచ్చుకుని ఉంటే ఆ రక్షణ మామూలుగా వర్తించదు. బాకీ కట్టి ఇంట్లో ఉండే హక్కు ఆ రాష్ట్ర చట్టంలో ఉంటే, ముందు రాబోయే 30 రోజుల రెంటు క్లర్కు దగ్గర జమచేసి కొద్దిపాటి గడువు తెచ్చుకోవచ్చు, అంతే. సొంతిల్లు ఉండి వాయిదాలు వెనకబడ్డవాళ్ళకి చాప్టర్ 13 మంచిది, బాకీని ప్లాన్ కాలం మీద పరిచి కట్టుకోవచ్చు. చాప్టర్ 7లో ఆ వెసులుబాటు లేదు.

ఫైల్ చేసేముందు ఇల్లు తమ్ముడి పేరు మీదకి మార్చడం, బావగారి చేబదులు ముందు తీర్చేయడం లాంటివి అస్సలు వద్దు. రెండేళ్ళ వెనకటి బదిలీల దాకా తవ్వుతారు, కొన్ని రాష్ట్రాల చట్టాలతో ఇంకా వెనక్కి కూడా వెళ్తారు, దగ్గరి బంధువులకి ఏడాదిలోపు తీర్చిన అప్పుని ట్రస్టీ వెనక్కి రాబట్టొచ్చు. ఇండియాలో మీ పేరు మీదున్న ఫ్లాటు, పొలంలో వాటా కూడా రాయాలి. ఆస్తి ఎక్కడున్నా ఆస్తేనని చట్టం స్పష్టంగా చెబుతుంది, దాచితే జైలు దాకా వెళ్ళే నేరం.

ఫైల్ చేశాక మనం హాజరు కావాల్సిన 341 మీటింగు అనే సమావేశంలో ట్రస్టీ ప్రమాణం చేయించి అడిగే ప్రశ్నలు చిన్నవే ఉంటాయి, ఇంట్లో ఎంతమంది ఉంటారు, రెంటు ఎవరు కడతారు, ఈ అంకె ఎక్కడిది అని. బిల్లులు కూడి సగటు తీసి రాసుకున్నవాళ్ళు సూటిగా చెప్పేస్తారు. ఆ తర్వాత రెంటు పెరిగినా, ఇల్లు మారినా, ఇంట్లోకి ఒక మనిషి కొత్తగా వచ్చినా, పేమెంటు తప్పేదాకా ఆగకుండా ఆ వారమే మీ లాయర్‌కి ఫోన్ చేయండి.