హైనే స్టైల్లో ట్రావెల్ రాయాలంటే కొండపల్లి దాకా వెళ్తే చాలు

విజయవాడ నుంచి కొండపల్లి ఖిల్లాకి పోయొచ్చి "వ్యూ సూపర్, పార్కింగ్ ఉంది" అని రాసి వదిలేసేవాళ్ళు ఒక్కసారి హైన్రిష్ హైనే పద్ధతి ట్రై చేయండి. 1797లో పుట్టిన జర్మన్ కవి, జర్నలిస్టు కూడా, 1824లో స్టూడెంట్‌గా గోటింగెన్ నుంచి హార్జ్ కొండల్లోకి నడుచుకుంటూ పోయాడు, ఆ రాత 1826లో అచ్చయింది.

ముందు మనం ఉంటున్న ఊరిని గిల్లాలి. గోటింగెన్ సాసేజీలకీ యూనివర్సిటీకీ ఫేమస్ అని ఆయన మొదట్లోనే రెండిటినీ ఒకే గాటన కట్టేశాడు, మనం గుంటూరు మిర్చి యార్డునీ కోచింగ్ సెంటర్లనీ అలా కలిపేయొచ్చు, ఎవరన్నా ఫీలైతే ఇంకా మంచిది.

తర్వాత పనిచేసే మనుషుల దగ్గర కూర్చోవాలి, అసలు పాయింట్ ఇదే. హైనే క్లౌస్తాల్ దగ్గర గనిలోకి నిచ్చెనల మీద దిగాడు, గని కార్మికుల కబుర్లు విన్నాడు, మీరు కూడా ఖిల్లా ఎక్కే ముందు బొమ్మలు చేసేవాళ్ళ దగ్గర ఆగి తెల్ల పొణికి చెక్క ఎలా ఆరబెడతారు, ఇప్పుడు సరిగ్గా దొరుకుతోందా అని అడగండి, ఫోన్ జేబులో పెట్టి అడగండి బాబూ.

పైకెక్కాక వర్ణన తగ్గించండి. హార్జ్ కొండల్లోని బ్రోకెన్ శిఖరం మీద సూర్యాస్తమయంతో పాటు అక్కడి సత్రంలో తాగి గోల చేసిన స్టూడెంట్లనీ వదల్లేదు ఆయన.

ఇక రాజకీయం, అది మీ ఇష్టం. హైనే 1831లో పారిస్ చేరి జర్మన్ పేపర్‌కి అక్కడి వార్తలు రాశాడు, 1835లో జర్మన్ సమాఖ్య ఆయన పుస్తకాలు నిషేధించింది. అంతకుముందే సెన్సార్ మీద ఒక చాప్టర్లో "జర్మన్ సెన్సార్లు" అని మొదలెట్టి, సెన్సార్ కొట్టేసినట్టు మాటల బదులు నిండా గీతలు పెట్టి, మధ్యలో "మూర్ఖులు" అన్న మాట ఒక్కటే మిగిల్చాడు.