సెంటర్‌లో కంచం ముట్టని పిల్లాడు: ముందు వాడి వేళ్ళు చూడండి

"తూకం కదలట్లేదండీ, ఎదుగుదల చార్టులో గీత కిందికి పోతోంది" అని ఫోన్ చేసే అంగన్‌వాడీ టీచర్లను నేను మొదట ఒకటే అడుగుతాను: పొద్దున లేచిన దగ్గర్నుంచి సెంటర్‌కొచ్చేదాకా ఆ పిల్లాడి దగ్గర ఎవరుంటారు? "వాళ్ళమ్మే కదండీ" అంటారు. అడిగి చెప్పే మాట కాదది, అనుకుని చెప్పేది. తూకం యంత్రం సున్నా మీద ఉందో లేదో చూడటం, వయసు సరిగా రాయడం మీకు తెలిసిన పనులే. ఈ ప్రశ్న దగ్గరే అందరూ జారిపోతున్నారు.

సమస్య: మధ్యాహ్నం రెండు ముద్దలు తిని లేచిపోతాడు. ఇంట్లో అడిగితే "ఏమీ తినడమ్మా" అంటారు

గుంటూరులో మిర్చి సీజనొస్తే తొడిమలు తీసే పనికి ఆడవాళ్ళు తెల్లవారకముందే ఆటో ఎక్కేస్తారు. పిల్లాడు లేచేసరికి ఇంట్లో ఉండేది నాయనమ్మ. మనం మాత్రం తల్లుల సమావేశంలో తల్లిని కూర్చోబెట్టి చెబుతాం.

నేనూ అదే చేశాను. మూడున్నరేళ్ళ పిల్లాడు. మూడు నెలలపాటు వాళ్ళమ్మకే చెప్పాను. పప్పు, ఆకుకూర, గుడ్డు అని బొమ్మలు చూపించాను. ఆమె తలూపేది, కళ్ళనీళ్ళు పెట్టుకునేది. తూకం మాత్రం వంద గ్రాములు కూడా పెరగలేదు. ఒకరోజు పొద్దున ఏడింటికి ఆ వీధిలో వేరే పని పడి వెళ్ళాను. గుమ్మంలో నాయనమ్మ, పక్కన వీడు. ఇద్దరి చేతుల్లోనూ స్టీలు గ్లాసులే, వాడిది కాస్త చిన్నది. టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు, విరిగి అడుక్కి పోయిన ముక్కను వేలు పెట్టి తీసుకుంటున్నాడు. పదింటికి తిరిగొస్తుంటే వాడి చేతిలో ఐదు రూపాయల కారం చిప్స్ ప్యాకెట్. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు తల్లీ" అంది పెద్దామె.

ఆమె అబద్ధమాడలేదు. మన ఇళ్ళలో తిండంటే అన్నం. టీ, బిస్కెట్, ప్యాకెట్ ఆ లెక్కలోకి రావు. అందుకే "ఏం తిన్నాడు?" అని అడిగినంతకాలం మీకు నిజమైన జవాబే వస్తుంది, అసలు కారణం మాత్రం బయటపడదు.

ఆ వయసు కడుపు చిన్నది. చక్కెర, మైదా, నూనెతో పదింటికే ఆకలి చచ్చిపోతే పన్నెండింటికి పప్పన్నం ఎక్కడ పడుతుంది? టీతో ఇంకో నష్టముంది. తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం తగ్గిన పిల్లాడికి ఆకలి కూడా మందగిస్తుంది.

కనిపెట్టడం ఇలా. సెంటర్ గుమ్మంలోనే పిల్లాడి చేతులు చూడండి, ప్యాకెట్ తిని వచ్చుంటే గోళ్ళ సందుల్లో నారింజ రంగు పొడి కనిపిస్తుంది. తర్వాత ఇంటికెళ్ళండి, అదీ పొద్దున. "పెద్దమ్మా, మీరు టీ ఎన్నిసార్లు తాగుతారు? మరి వీడో?" అనండి. "వీడికి కొట్లో రోజుకి ఎంతవుతోంది?" అనండి. కొట్లో ఖాతా ఉన్న ఇల్లయితే ఆ పుస్తకమే చెబుతుంది, వరసగా ఐదు, ఐదు, పది అని.

దొరికింది కదా అని పెద్దామెను దులపకండి. మనవడు ఏడుస్తుంటే చూడలేక ఇస్తోంది, మోకాళ్ళ నొప్పులతో పదింటికి మళ్ళీ పొయ్యి వెలిగించలేదు. ఉత్తినే "ఇవ్వద్దు" అంటే మీ ముందు మానేసి వెనకాల ఇస్తుంది. ఆమె చేతికి ఇంకొకటి అందించాలి. ఆ గ్లాసు తీసేయకండి, అందులో టీ బదులు పాలు పోయమనండి. వాడికి కావలసింది నాయనమ్మ పక్కన కూర్చోవడం. పాలు కూడా రోజుకి రెండు చిన్న గ్లాసులు దాటొద్దు, అన్నానికి ముందు అసలొద్దు. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడేస్తే పొద్దున పెరుగన్నం సిద్ధంగా ఉంటుంది. తల్లి ఆటో ఎక్కేముందు గిన్నెలో పెట్టి వెళ్ళగలదు. పదింటికి అరటిపండో, ఉడికించిన చిలగడదుంపో, పల్లీలు మెత్తగా దంచి బెల్లంతో చుట్టిన ఉండో. పల్లీలు గింజలుగా ఇవ్వనీయకండి, గొంతులో అడ్డం పడతాయి.

తర్వాతి సమావేశానికి నాయనమ్మను పిలవండి. సాయంత్రం ప్యాకెట్ తెచ్చేది తండ్రైతే అతనితో మాట్లాడండి. ఆ పిల్లాడి విషయంలో నేను చేసింది ఇంతే. మొదటి వారం ఏడ్చాడు. రెండో నెల తూకానికి గీత పైకి తిరిగింది.

సమస్య: కూరలు ముట్టడు, చక్కెరన్నమో పెరుగన్నమో కావాలంటాడు

మన గుంటూరు కారం. పెద్దవాళ్ళ నాలుకకు సరిపోయే కూర వాడి నోట మంట. కారం వేయకముందే వాడి వాటా గిన్నెలోకి తీయమనండి. గోంగూర కన్నా తోటకూర పప్పుతో మొదలుపెట్టడం తేలిక. ఒకసారి ఉమ్మేస్తే ఇష్టం లేదని కాదు, ఎనిమిది పదిసార్లు పెట్టాక అలవాటు పడే పిల్లలే ఎక్కువ.

సమస్య: సెంటర్‌లో తింటాడు, ఇంట్లో తినడు

ఇంట్లో ఫోన్ చూపిస్తూ, గిన్నె పట్టుకుని వెంట తిరుగుతున్నారు. నలుగురితో కింద కూర్చోబెట్టి, కొంచెం పెట్టి, అరగంటలో కంచం తీసేయమనండి.

ఇక మిగతా కారణాలు

నులిపురుగులుంటే ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేశారో లేదో చూడండి. పుచ్చు పన్నుంటే నోరు తెరిపిస్తే తెలుస్తుంది. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, రెండు పాదాలూ వాచి వేలితో నొక్కితే గుంట పడినా అది మన మాటలతో తీరేది కాదు. ఆ రోజే ఏఎన్ఎంకు, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తకు, చెప్పి ఆసుపత్రికి పంపించండి.