ఇంట్లో పెయింట్ వేయించే ముందు

• ముసురు రోజుల్లో పెట్టుకోకండి. కిటికీలు మూస్తే ఘాటంతా గదుల్లోనే నిలుస్తుంది.

• డబ్బా మీద ‘లో వీఓసీ’ (గాల్లోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువ) అని ఉందా? వాసన రానంత మాత్రాన ఆవిర్లు లేవని కాదు.

• పాత గోడలు గీకించేటప్పుడే అసలు టెన్షన్. పెయింట్‌లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన మన దేశంలో అమలైంది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన రంగుల్లో ఎక్కువే ఉండొచ్చు. పొడిగా రుద్దనివ్వకండి, తడిపి రుద్దమనండి. పిల్లల్ని, గర్భిణుల్ని, ఆస్తమా ఉన్నవాళ్లను ముందే వేరే ఇంటికి పంపండి.

• పుట్టీ దుమ్ముకు చేతిరుమాలు చాలదు. ఎన్95 మాస్కులు తెప్పించండి, పనివాళ్లకు కూడా.

• ఎదురెదురు కిటికీలు తెరవండి. ఒకదాని దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను బయటివైపు తిప్పి పెట్టండి. స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పుతుంది కాబట్టి ఆపేసి, కవర్ కప్పండి.