విల్లు చెక్కే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

జనకుడి సభలో రాముడు శివధనుస్సు ఎక్కుపెట్టి లాగితే అది నడిమికి ఫెళ్లున విరిగింది, ఆయనకు పెళ్లయింది. నా మొదటి విల్లు కూడా లాగుతుంటేనే విరిగింది. నాకు మాత్రం కనుబొమ్మ మీద మూడు కుట్లు పడ్డాయి. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నాను కాబట్టి కన్ను దక్కింది.

తర్వాత ముక్కలు ఏరుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. విల్లు విరిగింది ఆ రోజే అయినా, తప్పు చేసింది అంతకు నాలుగు నెలల ముందు. ఆ తప్పేమిటో కాసేపట్లో చెబుతాను. అప్పటి నుంచి ఈ పనిలో జాగ్రత్తలను దుంగ ఎంచుకునే రోజు నుంచే లెక్కపెడుతున్నాను.

దుంగ నిటారుగా కనిపిస్తే చాలదు. బెరడు మీద గీతలు మెలితిరిగి ఉంటే లోపల నార కూడా దాదాపు అలాగే మెలితిరిగి ఉంటుంది. అలాంటి దుంగను చీలిస్తే విమానం రెక్కలాంటి బద్ద వస్తుంది. దానితో కుస్తీ పట్టడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. ముడులు తక్కువున్నది చూసుకోండి. 28 అంగుళాలు లాగే విల్లుకు కొత్తవాళ్లు కనీసం 66 నుంచి 68 అంగుళాల పొడవు పెట్టుకోవాలి. చివరలు పగిలినా కోసేయడానికి వీలుగా దుంగ ఇంకో అర అడుగు ఎక్కువ ఉండాలి. పొట్టి విల్లు ముద్దొస్తుంది గానీ, అంతే దూరం లాగితే చెక్క మీద పడే ఒత్తిడి చాలా ఎక్కువ.

చెట్టు కొట్టిన కొద్ది గంటల్లోనే రెండు చివరలకూ పెయింటో, మైనమో, చెక్క జిగురో దట్టంగా పూయాలి. చెక్కలోని నీరు పక్కల కన్నా చివరల నుంచి ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, అందుకే పగుళ్లు అక్కడే మొదలవుతాయి. రేపు పూద్దాం అనుకుంటే రేపటికి పగులు కనిపిస్తుంది. దుంగను చీల్చేటప్పుడు తల విచ్చుకుపోయిన ఇనుప చీలలు వాడకండి. సుత్తి దెబ్బకు వాటి అంచులు తునకలై తూటాల్లా ఎగురుతాయి. చీలికలో చెయ్యి పెట్టవద్దని వేరే చెప్పాలా? అయినా చెబుతున్నాను, ఎందుకంటే చీల ఊడితే చీలిక టప్పున మూసుకుంటుంది.

ఆరబెట్టడంలో తొందరే పెద్ద శత్రువు. మందం అంగుళానికి సుమారు ఏడాది అని పాతకాలపు లెక్క. బద్దను ముందే విల్లు ఆకారానికి దగ్గరగా మోటుగా చెక్కి, ఒంకర తిరగకుండా పలకకు బిగించి పెడితే కొన్ని నెలల్లో ఆరుతుంది. ఎండలో, పొయ్యి పక్కన, కారులో పెట్టవద్దు. వారానికోసారి తూచి బరువు రాసుకోండి. వరుసగా కొన్ని వారాలు బరువు తగ్గకపోతే చుట్టూ ఉన్న గాలితో సమానంగా ఆరినట్టే. తేమ 8 నుంచి 10 శాతం ఉంటే మంచిది. పచ్చిగా ఉండగా వంచితే వంపు అలాగే నిలిచిపోయి విల్లు నీరసపడుతుంది. మరీ ఎండిపోతే పెళుసై విరుగుతుంది. చెక్కను పాడుచేసుకోవడం ఒకటి, ముఖం పగలగొట్టుకోవడం ఒకటి. ఏది భరించగలమో తెలిసిందే కదా.

ఇప్పుడు నా తప్పు సంగతి. వింటికి వీపు, పొట్ట ఉంటాయి. లాగేవాడి వైపు ఉండేది పొట్ట, అవతలిది వీపు. విల్లు వంగినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. సాగే వైపు నార ఎక్కడా తెగకూడదు. అంటే ఈ చివర నుంచి ఆ చివర దాకా వీపు మీద ఒకే వార్షిక వలయం (చెట్టు ఏడాదికొకటి చొప్పున పెంచుకునే పొర) కనిపించాలి. నేను చదునుగా ఉంటే అందంగా ఉంటుందని ఒక బుడిపెను చిత్రిక పట్టేశాను. వలయం తెగింది, పేడు అక్కడి నుంచే లేచింది. వీపు ఎత్తుపల్లాలతో ఉంటే అలాగే ఉండనివ్వండి. ముడి ఉన్నచోట చుట్టూ కాస్త చెక్క ఎక్కువ వదలండి. వలయాలు మరీ సన్నగా ఉండి వెంట పోవడం కష్టమైతే, బెరడు కిందే ఉన్న వలయాన్ని వీపుగా ఉంచుకోగలిగే తెల్లచెక్క జాతులతో మొదలుపెట్టండి. హికరీ, ఎల్మ్, యాష్ అలాంటివే. వాటిలో బెరడు జాగ్రత్తగా ఒలిస్తే వీపు సిద్ధం.

పనిముట్ల గురించి పెద్దగా చెప్పేది లేదు. బద్దను గట్టిగా బిగించండి, మొద్దుబారిన కత్తికి బలం వాడకండి. రెండు పిడుల కత్తిని ఒంటి వైపుకే లాగుతాం కాబట్టి ఆ దారిలో తొడ గానీ మోకాలు గానీ ఉండకూడదు. తిరిగే మెషీన్ దగ్గర గ్లౌజులు వద్దు, అవి చేతిని లోపలికి లాగేస్తాయి.

పొట్టును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. చెక్కపొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. 1545లో మునిగిన ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్‌లో వందకు పైగా విళ్లు దొరికాయి, అవి యూ చెక్కతో చేసినవి. విళ్లకు అంత పేరున్న ఆ యూ చెట్టే విషపు చెట్టు. దాని పొడి పీల్చకూడదు, ముక్కల్ని పశువులకు అందేచోట వేయకూడదు. ఏ చెక్కైనా సరే, ఎన్95 మాస్క్ పెట్టుకుని గాలి ఆడేచోట కూర్చోండి.

అసలు టెన్షన్ వంపు సరిచేసేటప్పుడు మొదలవుతుంది. 40 పౌండ్ల విల్లు అంటే పూర్తిగా లాగినప్పుడు సుమారు 18 కిలోల బరువుతో సమానమైన బలం, అదీ ముఖానికి జానెడు దూరంలో. అందుకని మొదట చేతితో లాగకండి. గోడకు దిమ్మె బిగించి విల్లును అడ్డంగా పెట్టండి. పొడవాటి తాడు తగిలించి, కింద కప్పీ గుండా రెండో తాడు తెచ్చి, ఆరేడు అడుగుల దూరం నుంచి లాగండి. దూరం నుంచి చూస్తే వింటి రెండు రెక్కలూ (పిడికి అటూ ఇటూ వంగే భాగాలు) ఒకేలా వంగుతున్నాయో లేదో కూడా బాగా తెలుస్తుంది. ఒకేచోట మడత పడుతుంటే అక్కడ ఇక గీకవద్దు, మిగతా చోట్ల గీకాలి.

అనుకున్న బరువుకు మించి ఏ దశలోనూ లాగవద్దు. 40 పౌండ్ల విల్లు కావాలనుకుంటే పది అంగుళాలకే 40 వస్తున్నా అక్కడే ఆగి చెక్క తీయాలి. గీకిన ప్రతిసారీ 20, 30 సార్లు కొద్దికొద్దిగా లాగి వదిలాకే వంపు చూడండి, మార్పు వెంటనే కనబడదు. లాగి పట్టి ఉంచి ఫోన్ మాట్లాడటం, ఫొటో కోసం ఆపడం వద్దే వద్దు. ‘టిక్’ మని చప్పుడైతే ఆరోజుకు అంతే. తాడు దించి, వీపు మీద దూదిని మెల్లగా నడిపించండి. లేచిన పేడు కంటికి కనబడకపోయినా దూదికి దొరుకుతుంది. పొట్ట మీద అడ్డంగా సన్నని ముడతల్లాంటి గీతలుంటే అక్కడ చెక్క నలిగిపోయిందని అర్థం.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, ఆవిరి పెడితే మాను కూడా కాస్త మాట వింటుంది. అంగుళం మందానికి గంట ఆవిరి చాలు. ఆవిరి పెట్టెకు బయటికి పోయే దారి ఉండాలి, పూర్తిగా మూస్తే పేలుతుంది. వేడి పెట్టిన విల్లును వారం దాకా వంచి చూడకండి, చెక్కలో తేమ మళ్లీ సర్దుకోవాలి.

అల్లెతాడు బలం వింటిని లాగే బరువుకు కనీసం నాలుగు రెట్లు ఉండాలి. చెక్క విళ్లకు డాక్రాన్ అనే పాలిస్టర్ దారం నయం, అది కాస్త సాగి దెబ్బను మెత్తబరుస్తుంది. తాడు ఎక్కించేటప్పుడు వింటి కొప్పు (తాడు తగిలించే కొస) ముఖానికి ఎదురుగా రాకుండా చూసుకోండి. మొదటిసారి చేతితో లాగేటప్పుడు కళ్లద్దాలు తప్పనిసరి, పక్కన పిల్లలు ఉండకూడదు. బాణం లేకుండా లాగి వదిలేయవద్దు. బాణం మోసుకుపోవలసిన బలమంతా రెక్కల్లోకే తిరిగొస్తుంది.

చివరిగా అవిసె నూనె పూసేవాళ్లు, నూనె తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి. అవి ఆరుతూ వేడెక్కి, నిప్పు లేకుండానే అంటుకోగలవు. నీళ్లతో తడిపి, బయట ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరబెట్టండి.