మన జిల్లాలో మరుగున పడ్డ పటాలం మీద డాక్యుమెంటరీ ఎలా తీయాలి?

నల్లగొండ జిల్లాలో దేవరకొండ వైపు ఏ ఊరికైనా వెళ్లి "ఇక్కడ యుద్ధం చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. నిజాం పాలన మీద తిరగబడ్డ సంఘం దళాల గురించి చెబుతారు, రజాకార్లు తగలబెట్టిన ఇళ్ల గురించి చెబుతారు. 1941లో మలయాలో (ఇప్పటి మలేసియా) జపాన్ సైన్యానికి ఎదురుపడ్డ నిజాం సిపాయిల మాట మాత్రం రావడం చాలా అరుదు. అలాంటి పటాలం మీద సినిమా తీయాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఉదాహరణకు ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీని తీసుకుంటాను. మీరు ఇంకో పటాలం ఎంచుకున్నా దారి ఇదే.

ముందు పటాలం పేరు తేల్చుకోండి

చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. "హైదరాబాద్" పేరుతో రెండు వేర్వేరు సైన్యాలు ఉండేవి. ఒకటి నిజాం సొంత సంస్థాన సైన్యం, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ అందులోదే. రెండోది బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. పేరులో హైదరాబాద్ ఉన్నా అందులో ఎక్కువగా కుమావూనీలు, అహీర్లు, జాట్లు ఉండేవారు. 1945లో దాని పేరే కుమావూ రెజిమెంట్‌గా మారింది. చిక్కేమిటంటే, ఈ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ కూడా అప్పుడు మలయాలోనే ఉంది. కాగితంలో "4/19" అని కనిపిస్తే అది మన నిజాం పటాలం కాదు.

మొదటి ప్రపంచయుద్ధం ఎంచుకుంటే నిజాం గుర్రపు దళం హైదరాబాద్ లాన్సర్స్ ఉన్నారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌరస్తాలోని మూడు విగ్రహాల్లో ఒకటి వాళ్లదే. 1918 సెప్టెంబర్ 23న హైఫా (ఇప్పటి ఇజ్రాయెల్‌లోని ఊరు) మీద గుర్రాలతో దూకింది మాత్రం జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాద్ వాళ్లకు ఖైదీలను కాపలా కాసే పని పడింది. వాట్సాప్‌లో తిరిగే మెసేజ్‌లు నమ్మి మీ సినిమాలో మూడు దళాలనూ పరుగెత్తించకండి.

ఒక మనిషిని పట్టుకోండి

పటాలం చరిత్రంతా చదివాక కెమెరా తీద్దామనుకుంటే రెండేళ్లయినా తీయలేరు. ఒక సిపాయి పేరు, ఒక ఊరు దొరికితే చాలు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పటాలం పేరుతో వెతకొచ్చు, డబ్బు కట్టాల్సిన పని లేదు. సమాధి దొరకని వాళ్ల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం గోడల మీద చెక్కారు, అక్కడ 24 వేలకు పైగా పేర్లున్నాయి. చాలా భారతీయ సిపాయిల నమోదుల్లో తండ్రి పేరు, ఊరి పేరు కూడా ఉంటాయి. ఊళ్ల పేర్లను ఇంగ్లిష్ గుమాస్తాలు విన్నట్టు రాసుకున్నారు కాబట్టి నోటితో పలికి చూస్తూ వెతకండి. నల్లగొండ, నల్గొండ, నల్గుండ అన్నీ ప్రయత్నించాలి.

ఆ జాబితాలో మన జిల్లావాళ్లు ఎవరూ లేకపోతే లేరనే ఒప్పుకోండి. జిల్లా మీద ప్రేమతో నల్లగొండ బిడ్డల వీరగాథ అని పేరు పెట్టేసి తర్వాత ఆధారాలు వెతకడం తప్పుడు పని.

ఇంకో దారి పతకాలు. ఎవరి సందుగలోనైనా పాత మిలిట్రీ పతకం దొరికితే అంచు మీద, వెనుక వైపు చూడండి. మన దేశంలో ఇచ్చిన వాటి మీద సాధారణంగా నంబరు, హోదా, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. మలయాలో పోరాడినవాళ్లకు పసిఫిక్ స్టార్ వచ్చేది. చింతపండు పెట్టి తోమొద్దని ఇంటివాళ్లకు ముందే చెప్పండి, అక్షరాలు అరిగిపోతాయి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోనూ ఒకసారి అడగండి. సంస్థాన సైన్యం వాళ్ల వివరాలు అక్కడ లేకపోయినా, ఏ ఊళ్లో పాత మిలిట్రీ కుటుంబాలున్నాయో తెలుస్తుంది.

మాట్లాడించడం

అసలు కష్టం ఇక్కడుంది. ఈ పటాలాన్ని మరిచిపోయింది కాలం గడిచినందువల్ల ఒక్కటే కాదు. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం సైన్యమే లేకుండా పోయింది. పాత సిపాయిలను పిలిచి దండ వేసే పటాలం లేదు. దానికి తోడు నల్లగొండలాంటి చోట "నైజాం ఫౌజు" అంటే జనానికి రజాకార్లే గుర్తొస్తారు. రజాకార్లు కాసిం రజ్వీ నడిపిన ప్రైవేటు దండు, మలయా వెళ్లింది జీతం తీసుకునే పటాలం. ఈ తేడా మీకు తెలుసు, పక్కింటివాళ్లకు తెలియదు. అందుకే తాత ఫోటోను గోడ మీద నుంచి తీసి బీరువాలో పెట్టుకున్న ఇల్లు కనబడితే ఆశ్చర్యపోకండి. 1948 తర్వాత ముస్లిం కుటుంబాలు పడ్డ భయం చిన్నది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు కెమెరా సంచిలోనే ఉంచండి. టీ తాగి రండి. రెండోసారి అడగండి.

ఇప్పుడు మనకు దొరికేది సిపాయిలు కాదు, వాళ్ల కొడుకులు, కోడళ్లు, మనవలు. సంవత్సరాలు అడిగితే చెప్పలేరు. "అవ్వా, లెవీ వడ్లు గుంజుకపోయినప్పుడు నీకెన్నేండ్లు?" అని అడగండి, లెక్క దానంతటదే వస్తుంది. లెవీ అంటే యుద్ధకాలం, యూనియన్ మిలిట్రీ (భారత సైన్యం) వచ్చింది అంటే 1948. పెద్దవాళ్లు చాలామంది రెండో ప్రపంచయుద్ధాన్ని "జర్మనీ యుద్ధం" అంటారు, మీరూ అలాగే అనండి.

"మీకెలా అనిపించింది?" అనే టీవీ ప్రశ్న వద్దు. జీతం మనియార్డర్ ఏ రోజుల్లో వచ్చేది, ఎవరు చదివి పెట్టేవారు, ఎప్పుడు ఆగింది? తిరిగి రాని మనిషికి కర్మ ఎప్పుడు చేశారు, ఫాతిహా ఎప్పుడు చదివించారు? కబురే రాకపోతే ఆయన భార్య నల్లపూసలు ఎప్పుడు తీసింది? నా అనుభవంలో ఇలాంటి ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుతోనే సినిమా నిలబడుతుంది. ఇంటర్వ్యూ ముగిశాక చూపించడానికి ఒప్పుకుంటున్నట్టు వాళ్ల మాటల్లోనే కెమెరా ముందు చెప్పించండి.

ధ్వని

ఫోన్‌తో తీసినా పర్వాలేదు, కాలర్‌కు పెట్టే మైక్ మాత్రం కొనండి. నా మొదటి ఇంటర్వ్యూలో గంటన్నర మాట్లాడిన పెద్దాయన గొంతు కంటే సీలింగ్ ఫ్యానే గట్టిగా వినబడింది. మళ్లీ వెళ్లేసరికి ఆయన లేరు. ఫ్యాన్, టీవీ ఆపించండి, మేకలు దొడ్లోకి రాకముందే ముగించండి. అదే సాయంత్రం రెండు చోట్ల కాపీ చేసుకోండి.

కాగితాలు

తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం దఫ్తరాల కాగితాలున్నాయి. చాలావరకు ఉర్దూ చేతిరాత. ఉర్దూ వచ్చిన స్నేహితుడు చాలడు, షికస్తా (గొలుసుకట్టు) రాత చదవగలిగిన పెద్ద మనిషి కావాలి. తారీఖులు ఫసలీలో (నిజాం దఫ్తరాల సంవత్సర లెక్క) ఉంటాయి, 590 కలిపితే మన లెక్క. కానీ ఫసలీ సంవత్సరం అక్టోబర్ మొదట్లో మొదలవుతుంది. 1351 అంటే 1941 అక్టోబర్ నుంచి 1942 అక్టోబర్ దాకా. జనవరి తర్వాతి తారీఖైతే 591 కలపాలి. ఈ ఒక్క తప్పుతో సిపాయిని ఓడ ఎక్కకముందే ఖైదీని చేసినవాళ్లున్నారు.

చేదు నిజం దాచకండి

1941 డిసెంబర్ 8 అర్ధరాత్రి దాటాక, పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడకముందే, జపాన్ సైన్యం మలయాలోని కోటా భారు తీరంలో దిగింది. అక్కడి విమాన స్థావరానికి కాపలా ఉన్నది ఫస్ట్ హైదరాబాద్. ఆ రాత్రికల్లా దళం చెల్లాచెదురైందని బ్రిటిష్ కథనాలు చెబుతాయి. ఇంటివాళ్లు బాధపడతారని ఇది వదిలేస్తే మీ సినిమాను తెలిసినవాడెవడూ నమ్మడు. అలాగని బ్రిటిష్ అధికారి రాసిందే వేదం కాదు. శత్రువు కంచె దగ్గరికి వచ్చేశాడన్న పుకారుతో వైమానిక సిబ్బంది అదే మధ్యాహ్నం స్థావరం ఖాళీ చేశారు. ఎవరు ముందు కదిలారో గంటల వారీగా తెర మీద చూపించండి, తీర్పు చూసేవాళ్లకు వదలండి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ లొంగిపోయాక భారతీయ సిపాయిలు వేల సంఖ్యలో ఖైదీలయ్యారు. అందులో మీ మనిషి ఏమయ్యాడన్నది విడిగా వెతకాలి.

అప్పటి వీడియోలు లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉన్నాయి. వాడుకోవాలంటే అనుమతి, రుసుము. యూట్యూబ్ నుంచి దించి వేరే యుద్ధం బొమ్మలు అతికించడం కంటే మనియార్డర్ రసీదును నిమిషంసేపు చూపించడం మేలు. డ్రోన్ ఉంది కదా అని పిల్లలమర్రి చుట్టూ తిప్పకండి.

ఎడిటింగ్ అయ్యాక మొదట ఆ ఇంటి నడిమింట్లోనే చూపించండి. కొడుకు "ఈ మాట తీసేయ్ బిడ్డా" అంటే ఎందుకో అడిగి, వీలైతే తీసేయండి. తారీఖు తప్పైతే అక్కడే రాసుకోండి. వచ్చేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో కాపీతో పాటు, పెద్దగా ప్రింట్ తీయించిన తాత ఫోటో కూడా ఇచ్చి రండి.