కొంబూచాను సీసాల్లోకి మార్చే రోజు

కొంబూచా అంటే పులియబెట్టిన తియ్యటి టీ. దానికి మొదటి వారం మన అవసరం పెద్దగా ఉండదు. తియ్యటి టీలో స్కోబీ (టీని పులియబెట్టే ఈస్ట్, బ్యాక్టీరియాలు కలిసి కట్టిన పొర) వేసి, జార్ మూతికి గుడ్డ కట్టి ఓ మూలన పెడితే దాని పని అది చేసుకుపోతుంది. మనం దగ్గరుండి చూసుకోవాల్సింది సీసాల్లోకి మార్చే రోజునే. గ్యాస్ పట్టేదీ అక్కడే, ఏమరుపాటుగా ఉంటే సీసా పగిలేదీ అక్కడే.

ఎప్పుడు మార్చాలో నాలుకే చెప్పాలి. ఏడు నుంచి పది రోజులనే లెక్క 25 డిగ్రీల దగ్గర సరిపోతుంది. మే నెలలో మా సీతాఫల్‌మండి ఇంట్లో వంటగది రాత్రి కూడా చల్లబడదు, అందుకే ఐదో రోజు నుంచే చెంచాతో రుచి చూస్తాను. ముందు పులుపు తగిలి, వెనకాల కాస్త తీపి ఉండాలి. తీపే ముందు తగిలితే ఇంకో రోజు ఆగండి. పైన నున్నటి తెల్ల పొర కడితే అది కొత్త స్కోబీ, మంచిదే. పొడిగా నూగులా తెల్లగానో పచ్చగానో కనిపిస్తే బూజు. రుచి చూడకుండా స్కోబీతో సహా పారబోయండి.

సీసాలు మందంగా, గుండ్రంగా ఉండాలి. బేగంబజార్‌లో అందంగా కనిపించే నలుపలకల సీసాల జోలికి పోకండి, ఒత్తిడికి అవి మూలల దగ్గర పగులుతాయి. సోడా కోసమే చేసిన గాజు సీసాలైతే నిశ్చింత. వేడినీళ్లతో కడిగి, సబ్బు వాసన పూర్తిగా పోయేదాకా తొలవండి.

ఇక అసలు పని. చేతులు కడుక్కుని, అట్టులాంటి ఆ స్కోబీని గాజు గిన్నెలోకి తీయండి. వెంటనే జార్ పైభాగం నుంచి లీటరుకు 100 మి.లీ. చొప్పున తీసి దాని మీద పోయండి. వచ్చే విడతకు తోడు అదే. అడుగున గోధుమరంగు పోగులతో ఈస్ట్ మడ్డి పేరుకుని ఉంటుంది కాబట్టి తోడును అడుగు నుంచి తీయకూడదు. తర్వాత మిగిలినదాన్ని చెక్క గరిటెతో నెమ్మదిగా ఒకసారి తిప్పండి. ఈ మాట చాలామంది పట్టించుకోరు. తిప్పకపోతే మొదటి సీసా చప్పగా ఉంటుంది, ఈస్ట్ అంతా చేరిన చివరి సీసా పొంగుతుంది. గరాటులో టీ వడపోత పెట్టి పోస్తూ, పైన అంగుళం ఖాళీ వదలండి. చిట్టచివరి చిక్కటి మడ్డిని పోయొద్దు.

రుచికి సీసాకో చెంచా అల్లం తురుమో, నాలుగు చిదిమిన ద్రాక్షలో చాలు. పండు ఎక్కువైతే చక్కెర ఎక్కువ, గ్యాసూ ఎక్కువే. నాకైతే అల్లాన్ని మించింది లేదు.

అదే విడతలోంచి ఒక చిన్న ప్లాస్టిక్ సోడా బాటిల్ కూడా నింపి పక్కన పెట్టండి. గాజు సీసాలో ఒత్తిడి బయటికి తెలియదు, ఇది నొక్కి చూస్తే తెలుస్తుంది. వేలికి లొంగనంత గట్టిపడితే అన్నిటినీ ఫ్రిజ్‌లోకి చేర్చండి. ఎండాకాలంలో ఒక్క రోజుకే గట్టిపడొచ్చు, డిసెంబరులో నాలుగైదు రోజులు పట్టొచ్చు. అప్పటిదాకా సీసాలను మూసిన అట్టపెట్టెలో ఉంచండి. ఊరెళ్లే పని ఉంటే బయట వదిలేయకుండా ముందే ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లండి.

ఇందులో కొద్దిపాటి ఆల్కహాల్ ఉంటుంది. చిన్నపిల్లలకు, గర్భిణులకు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లకు ఇవ్వకండి. మూత తీసేటప్పుడు సీసా బాగా చల్లగా ఉండాలి. సింకులో పెట్టి, పైన తువ్వాలు కప్పి, ముఖం పక్కకు తిప్పి మెల్లగా తీయండి.