కోరింగ మడ అడవికి బయలుదేరే ముందు

ఆదివారం మొక్కలు నాటడానికి, నీటి నమూనాలు తీయడానికి వస్తున్న మన కర్మాగారం ఉద్యోగులందరికీ:

– అభయారణ్యం కాబట్టి అటవీ శాఖ అనుమతి పత్రం వెంట ఉండాలి.

– పోటు వేళ ముందే కనుక్కోండి. అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నిన్నటి లెక్కతో దిగితే నడుము లోతులో ఇరుక్కుంటారు.

– చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది. మందపాటి అడుగున్న బూట్లు, బిగుతుగా కట్టుకోండి. పెన్సిళ్లలా పొడుచుకొచ్చినవి మడ చెట్ల శ్వాస వేళ్లు, తొక్కకండి.

– తిల్ల అనే మడ చెట్టు కొమ్మ విరవకండి. దాని పాలు కంట్లో పడితే తాత్కాలికంగా చూపు పోవచ్చు. పడితే వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

– కరిగిన ఆక్సిజన్ అక్కడికక్కడే కొలవాలి. బీఓడీ (నీటిలోని సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్) పరీక్ష సీసాలో ఒక్క గాలి బుడగ కూడా మిగలకూడదు. నింపగానే ఐసు పెట్టెలో పెట్టండి. చీటీ మీద స్థలం, సమయంతో పాటు అప్పుడు ఆటు (నీరు తగ్గడం) ఉందా, పోటు (నీరు పెరగడం) ఉందా అన్నదీ రాయండి. అందరూ మరిచేది ఇదే. అది లేకపోతే ఉప్పదనం అంకె దేనికీ పనికిరాదు.

– మొక్క సంచి చింపి నాటండి, సంచి వెనక్కి తెండి.

– బ్యానరు ఫొటోలు ఒడ్డునే కానివ్వండి. పడవలో అందరూ ఒకేవైపు లేవకండి.